ఆరోగ్య కారణాల రీత్యా

“ఇంకోసారి చెప్పండి,” అంది ఆమె.

లెక్కల మాస్టారైన ఆమె మొగుడు చేతిలోని ఎర్ర కలం కింద పెట్టలేదు. ఆయన ముందు బల్ల మీద పిల్లల జవాబు పత్రాల కట్ట ఉంది. పై కాగితంలో ఎవరో మూడో లెక్క తప్పు చేశారు. దాని చుట్టూ తీరిగ్గా సున్నా చుట్టి, అప్పుడు తలెత్తాడు.

“ఎన్నిసార్లు చెప్పినా అదే. నీ రాజీనామా పైకి వెళ్ళలేదు.”

“నా చేత్తో ఇచ్చాను.”

“ఇచ్చావు. మీ ఆఫీసులో పెద్ద గుమాస్తా దాన్ని సొరుగులో పెట్టాడు. నేనే పెట్టమన్నాను.”

వచ్చేటప్పుడు అగ్గిపెట్టె తెమ్మని చెప్పినంత తేలిగ్గా అన్నాడా మాట. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ పొద్దున తొమ్మిదింటికే వెళ్ళి లైసెన్సుల ఆఫీసు కిటికీ ముందు నిలబడింది. సోమవారం తన బేకరీ తలుపులు తెరవాలి. ఓవెన్ వచ్చింది, గాజు అలమర వచ్చింది, రొట్టెల అచ్చులు వచ్చాయి. రావలసింది ఒక్క కాగితమే. కిటికీ లోపలి మనిషి కంప్యూటర్‌లోకి చూసి, “మీరింకా ఉద్యోగంలోనే ఉన్నారమ్మా. ఉద్యోగస్తుల పేరున వ్యాపారానికి లైసెన్సు ఇవ్వం,” అన్నాడు. తర్వాత ఇంకా కిందికి చదివాడు. చదివి, గొంతు తగ్గించి, చంటిపిల్లతో మాట్లాడినట్టు ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, “ఆరోగ్య కారణాల రీత్యా సెలవులో ఉన్నారు కదమ్మా. ఇప్పుడు మనసు కుదుటపడిందా? ఇంట్లోవాళ్ళెవరైనా తోడొచ్చారా?” అని అడిగాడు.

పందొమ్మిదేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషిని పట్టుకుని తోడెవరొచ్చారని అడిగాడు! తూనికల శాఖలో ఆమె పేరు చెబితే బజారంతా హడలు. సంచిలో తూకం రాళ్ళు వేసుకుని కొట్టు కొట్టూ ఎక్కి దిగేది. ఆమె వీధి మలుపు తిరిగిందంటే చాలు, తక్కెడమ్మ వస్తోందని కబురు ఆమెకంటే ముందు పరిగెత్తేది. ఆ తక్కెడమ్మ ఇవాళ కిటికీ ముందు నుంచి తిన్నగా ఇంటికొచ్చి పడింది.

“మనసు కుదుటపడడమేమిటి? నా మనసుకేమైంది?” అంది మాస్టారితో.

“అబ్బే, అది రాతకోసం రాసింది.”

“ఏం రాశారు?”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడంటే ఆ జవాబు ఆయనకే నచ్చలేదని అర్థం.

“మానసిక ఆందోళన, నిద్రలేమి, సొంతంగా నిర్ణయాలు తీసుకునే స్థితిలో లేదు... అలాంటివేవో.”

“పిచ్చి అన్నమాట.”

“పిచ్చి అని ఎక్కడా రాయలేదు!”

“మర్యాదగా రాశారు. సంతోషం.”

వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్న అత్తగారు అందుకుంది. “ఎందుకమ్మాయ్ అంత రాద్ధాంతం? కాగితం మీద రాసినంత మాత్రాన ఒంటికి అంటుకుంటుందా? నువ్వెలాగూ ఆ ఉద్యోగం వద్దనుకున్నావు. ఊరికే పారేసే బదులు పిల్లకి పనికొస్తే తప్పేముంది?”

అప్పటికి గాని ఆమెకు విషయం తలకెక్కలేదు. ఆ శాఖలో ఒక పాత నిబంధన ఉంది. ఉద్యోగి రాజీనామా చేస్తే కుర్చీ ఖాళీ, అంతటితో సరి. జబ్బు చేసి పనికిరాడని వైద్యుల బోర్డు తేలిస్తే మాత్రం, ఆ ఇంట్లోనే ఒకరికి ఉద్యోగం ఇస్తారు. ఆ నిబంధన అడ్డం పెట్టుకుని లేని గుండెజబ్బులు తెచ్చుకున్న మహానుభావులను ఆమె బోలెడుమందిని చూసింది. చూసి, ఇంటికొచ్చి, ఇదే బల్ల దగ్గర అసహ్యించుకుంది. మాస్టారు అప్పుడు ఊఁ కొట్టాడు కూడా. ఊఁ కొడుతూ ఉపాయం నేర్చుకున్నాడన్న సంగతి ఆమెకెలా తెలుస్తుంది?

“చిట్టికా?” అంది.

“మరెవరికి? నీకేమన్నా పదిమంది కూతుళ్ళా? రెండేళ్ళుగా పరీక్షలు రాస్తోంది, వచ్చిందా ఒక్కటైనా? నువ్వు కాలదన్నిన కుర్చీ దానికి బంగారం,” అన్నాడు మాస్టారు. “నీ సంతకం కూడా ఉంది. దొంగతనంగా ఏమీ చెయ్యలేదు.”

ఉంది. సంతకం నిజంగానే ఉంది. అది తలుచుకుంటేనే ఆమెకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. రాజీనామా ఇచ్చిన రోజున పెద్ద గుమాస్తా నవ్వుతూ, “మూడు నెలల సెలవు మిగిలుందమ్మా, వాడుకుని వెళ్ళండి. ఇక్కడొకటి, ఇక్కడొకటి” అని కాగితాలు జరిపాడు. ఆ గంటకే ఓవెన్ వస్తోంది. లారీవాడు వీధి చివర నిలబడి ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఊళ్ళో అందరి కాగితాలూ అడుగు గీత దాకా చదివిన మనిషి, తన కాగితం ఒక్క ముక్క చదవకుండా రెండు సంతకాలు గీకి పరిగెత్తింది. ఇంకొకరైతే ఆ తప్పు చేసేవారు కాదు. ఎవరి కాగితాలు వాళ్ళు చదువుకుంటారు. ఆమెకు మాత్రం తన కాగితాన్ని అనుమానించవలసిన అవసరం జీవితంలో రాలేదు.

“డాక్టరు సర్టిఫికెట్ లేకుండా సెలవివ్వరు. ఎవరిచ్చారు?”

మాస్టారు మళ్ళీ జవాబు పత్రాల మీదికి వంగాడు.

“ఎవరిచ్చారని అడుగుతున్నాను!”

“బోర్డు రేపే,” అన్నాడాయన, ఎర్ర కలంతోనే మాట్లాడుతున్నట్టు. “పదకొండింటికి. నోటీసు వచ్చి పదిరోజులైంది. ముందే చెబితే ఇదిగో ఇలా చిందులు తొక్కుతావని చెప్పలేదు. అరగంట కూర్చుని రావడమే. తర్వాత నీ ఇష్టం వచ్చినన్ని రొట్టెలు కాల్చుకో.”

ఆమె ఆయన చేతి కిందనుంచి జవాబు పత్రాల కట్ట లాగి గోడకేసి కొట్టింది. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆమె ఒక వస్తువు విసరడం అదే మొదటిసారి. కాగితాలు గదంతా పడ్డాయి. అత్తగారి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగింది.

“చూశావా,” అన్నాడు మాస్టారు తల్లితో, మెల్లిగా. “ఆందోళన అంటే ఇదే మరి.”

అంతకంటే ఒక చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

* * *

సర్టిఫికెట్ ఎవరిచ్చారో ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ళ కుటుంబంలో డాక్టరు ఒక్కడే.

అన్నయ్య క్లినిక్ ముందు బెంచీ మీద నలుగురు రోగులున్నారు. ఆమె వాళ్ళను దాటుకుని, కాంపౌండరు వారిస్తున్నా వినకుండా, తెర తోసుకుని లోపలికెళ్ళింది. అన్నయ్య ఎవరిదో ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

“రా చెల్లాయ్. బావ ఫోను చేశాడు. కూర్చో, బీపీ చూస్తాను.”

“చూడు. అది కూడా రాసుకో.”

“అరవకు. బయట పేషెంట్లున్నారు.”

“అరిస్తేనే కదా నీకు మంచిది? నువ్వు రాసింది నిజమైపోతుంది.”

అన్నయ్య ఎక్స్‌రే బల్ల మీద పెట్టి తలుపు మూసొచ్చాడు. చిన్నప్పుడు అద్దం పగలగొట్టి నేరం ఆమె మీదికి నెట్టినప్పుడు కూడా ఇలాగే ముందు తలుపు మూసి, తర్వాత బతిమాలేవాడు.

“చిట్టి నాకు మేనకోడలు. దాని బతుకు బాగుపడుతుందంటే రెండు లైన్లు రాశాను. అందులో నీకొచ్చిన నష్టమేమిటో చెప్పు.”

“సొంతంగా నిర్ణయాలు తీసుకోలేనిదానికి ఓవెన్ ముందు నిలబడే లైసెన్సు ఎవడిస్తాడు? రేపు బోర్డు సరేనంటే, నా పేరున కొట్టు తెరవగలనా? ఆ సంగతి తట్టలేదా ఇంతమంది తెలివైనవాళ్ళకి?”

“ఎందుకు తట్టలేదు? బావ పోయిన వారమే దరఖాస్తు పెట్టాడుగా, మీ అత్తగారి పేరున.”

“మా అత్తగారి పేరున?” అంది.

రొట్టె అంటే రోగిష్ఠివాళ్ళ తిండి అనే మనిషి పేరున! ఓవెన్ వచ్చిన రోజున దుకాణం వైపు తొంగి కూడా చూడని మనిషి పేరున! పొద్దున్న గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఈనె తీస్తూ అన్ని నీతులు చెప్పిన ఆ పెద్దావిడ, ఈ ముక్క ఒక్కటి మింగేసింది.

“పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది మీ వరస,” అంది. “నా ఉద్యోగం దానికి, నా కొట్టు ఆవిడకి. ఇక నాకేం మిగిల్చారు? పిచ్చి ఒక్కటేనా?”

“మాటవరసకి పేరు. పని నీదే కదా.”

“నా పేరు మీకందరికీ మాటవరసే.”

కుర్చీలో కూర్చోకుండా గది ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతోంది. 

“అన్నయ్యా, నేను ఆ ఉద్యోగం ఎందుకు మానేశానో ఒక్కడివైనా అడిగావా? పందొమ్మిదేళ్ళు. నన్ను చూసి సంతోషపడిన కొట్టువాడు ఒక్కడు లేడు. నేను మెట్టెక్కితే లోపల నవ్వు ఆగిపోయేది. పిల్లలకి మిఠాయి పొట్లం కడుతున్నవాడు కూడా చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఒక్కరోజైనా మనుషులు నన్ను చూసి నవ్వుతూ లోపలికి రావాలనుకున్నాను. అంతే. ఆ మాత్రానికి పిచ్చి ముద్ర వేస్తావా?”

అన్నయ్య తల దించుకున్నాడు. కాని దించుకున్న తలతోనే అసలు మాట అన్నాడు.

“రేపు నువ్వు బోర్డు ముందు బాగానే ఉన్నానన్నావనుకో. అప్పుడు ఆ సర్టిఫికెట్ అబద్ధమని తేలుతుంది. నా ప్రాక్టీసు పోతుంది. బావ మీద, గుమాస్తా మీద కేసు పడుతుంది. ఆలోచించుకో. వాళ్ళు ఇవాళ ఏ వారమని అడుగుతారు. తెలీదను. నూరులోంచి ఏడు తీసెయ్యమంటారు. తప్పు చెప్పు. అంతకంటే ఏం వద్దు.”

“నూరులోంచి ఏడు తీస్తే ఎంతో నాకు తెలీదని చెప్పాలి. నేను!”

“నీ మొగుడి కోసం. నీ అన్న కోసం.”

“మీ కోసం నేనేమైనా చేసేదాన్నిరా, అడిగి ఉంటే,” అంది. రా అని అన్నయ్యను అనడం చిన్నతనం తర్వాత ఎప్పుడూ లేదు. “అడిగితే కాదంటానని మీకు తెలుసు. అందుకే పిచ్చిదాన్ని చేశారు. పిచ్చిదాన్ని అడగక్కర్లేదు కదా.”

ఆ మాటతో అన్నయ్యకీ రోషం పొడుచుకొచ్చింది. “అన్నీ నా నెత్తిన రుద్దకు! నేను రాసింది రెండు లైన్లు. నా రెండు లైన్లు చూసి బోర్డు నమ్ముతుందా? ఇంట్లోవాళ్ళ వాంగ్మూలం కావాలన్నారు. ఇచ్చారు. రెండు పేజీలు ఇచ్చారు. కోపం ఉంటే అక్కడ చూపించు!”

సొరుగు లాగి, రేపు బోర్డుకు ఇవ్వాల్సిన ఆ రెండు కాగితాలు ఆమె ముందు పడేశాడు.

మాస్టారి రాత కాదు. అత్తగారికి రాయడం రాదు. ఆ గుండ్రటి అక్షరాలు ఎవరివో ఆమె సంతకం దాకా చూడకుండానే పోల్చుకుంది. పలక మీద చెయ్యి పట్టుకుని దిద్దించినవి మరి.

* * *

మధ్యాహ్నం రెండింటికి చిట్టి బేకరీ గోడకు రంగు వేస్తోంది. కిటికీ చుట్టూ పసుపు పట్టీ వేస్తే బాగుంటుందని వారం కిందట తనే అంది. స్టూలెక్కి, జుట్టుకు పాతగుడ్డ చుట్టుకుని, నాలుక కొన పంటి కింద పెట్టుకుని, అంచు చెదరకుండా కుంచె లాగుతోంది. తల్లికి శ్రద్ధ నచ్చుతుంది. ఆ శ్రద్ధ చూస్తే ఇవాళ ఆమెకు కడుపు రగిలిపోయింది.

“దిగు,” అంది.

చిట్టి వెనక్కి తిరిగింది. తల్లి చేతిలో కాగితాలు చూసింది. దిగింది.

“తెల్లవారుజామున మూడింటికి లేచి పిండి కలుపుతుంది,” అని చదివింది తల్లి. “తినేవాళ్ళు లేరని తెలిసినా రోజూ కలుపుతుంది. ఇది జబ్బా?”

“నేను జబ్బని రాయలేదు.”

“ఒకరోజు ముప్ఫై రొట్టెలు కాల్చి, ఒక్కోటి ఆరేసి గ్రాములు తక్కువ తూగాయని మొత్తం తీసుకెళ్ళి కుక్కలకు వేసింది.”

“వెయ్యలేదా?”

వేసింది. ముద్దగా ఉన్నప్పటి తూకం కాలాక ఉండదని, వేడికి తేమ పోతుందని ఆమెకు అప్పటికి పూర్తిగా అంతుపట్టలేదు. ఓవెన్ తినేసిందమ్మా అని ఎందరు బేకరీవాళ్ళు మొరపెట్టుకున్నా నమ్మకుండా కేసులు రాసిన మనిషి. తన ఓవెన్ కూడా తింటుందని తెలిశాక సిగ్గుతో ఆ ముప్ఫై రొట్టెలూ కంటికి కనబడకుండా చేసింది. అదంతా ఈ పిల్లకు చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

“పిండి ముద్దకు గుడ్డ కప్పి, పక్కన కూర్చుని, ఇంకాస్త పొంగమ్మా అని బతిమాలుతుంది. నిద్రలో గ్రాములు లెక్కపెడుతుంది. బజారులో తక్కెడ కనిపిస్తే ఆగిపోతుంది, పిలిచినా పలకదు.” ఆమె కాగితం మీంచి తలెత్తింది. “నా పక్కనే కూర్చుని, నాతో నవ్వుతూ, ఇవన్నీ లెక్కపెట్టుకున్నావు.”

“ఒక్క అబద్ధం రాయలేదమ్మా. చూసుకో. నువ్వే కదా నేర్పావు, ఉన్నదున్నట్టు రాయమని. నాన్న ఇంకా చాలా రాయమన్నారు. కత్తి పట్టుకుందని కూడా రాయమన్నారు. నేను రాయలేదు.”

“గొప్పదానివి!”

“అవును, గొప్పదాన్నే!” చిట్టి కుంచెను డబ్బాలోకి విసిరింది. పసుపు రంగు నేల మీద చిందింది. “నువ్వు నచ్చిన పని చేస్తానంటే అందరూ నోరు మూసుకోవాలి. నేను నాలుగు పరీక్షలు తప్పితే ఇంట్లో ఎవరైనా నోరు మూసుకున్నారా? నువ్వు విసిరేసిన దాన్ని నేను ఏరుకుంటే తప్పా? పోనీ, నన్ను నీతో కొట్లోకి రమ్మన్నావా? రంగు వెయ్యమన్నావు!”

“అడిగి ఉంటే రమ్మనేదాన్ని.”

“నువ్వూ అడగలేదు, నేనూ అడగలేదు. చెల్లుకి చెల్లు.”

తల్లి చెయ్యి లేచింది. గాలిలోనే ఆగింది. కొట్టలేక కాదు, కొడితే మూడో పేజీ తయారవుతుందని.

ఆ చేత్తోనే రెండో కాగితం తిప్పి, అడుగున మిగిలిన చివరి వాక్యం మీద కళ్ళు పెట్టింది. క్లినిక్‌లో అంతదాకా చదవలేదు. ఇప్పుడు చదివింది, కాని పైకి చదవలేదు. మా అమ్మ నన్ను తిన్నావా అని అడిగి రెండు నెలలైంది, అని ఉంది. దాని కింద సంతకం.

తప్పు పట్టడానికి చూసింది. వెనక్కి లెక్కపెట్టుకుంది. నిన్న, మొన్న, అంతకు ముందు వారం. పిండి గురించి, పొంగు గురించి, అచ్చులకు రాసే నూనె గురించి, కొట్టు బోర్డు మీద అక్షరాల గురించి... ఎన్ని మాటలు మాట్లాడింది ఈ పిల్లతో! ఆ ఒక్క మాట లేదు. ఎంత కోపంతో వెతికినా దొరకలేదు.

దొరకని కొద్దీ కోపం పెరిగింది. ఎవరి మీదో ఆమెకు కూడా తెలియలేదు.

“రేపు నేను బోర్డుకు వస్తాను,” అంది. “వాళ్ళడిగిన ప్రతిదానికీ సరైన జవాబు చెబుతాను. ఇవాళ ఏ వారమో నాకు తెలుసు. నూరులోంచి ఏడు తీస్తే ఎంతో తెలుసు.”

చిట్టి మొహం పాలిపోయింది. “అయితే నాన్న? మావయ్య?”

“ఎవరి రాతకు వాళ్ళే పూచీ. వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. నీ సంగతి నేను చూస్తాను.” కాగితాలు పిల్ల చేతిలో కుక్కింది. “ఇది నువ్వు వాళ్ళ ముందు చదవాలి. నేను ఎదురుగా కూర్చుంటాను. నా మొహం చూస్తూ, గట్టిగా, మొదటి నుంచి చివరి దాకా చదవాలి.”

పిల్ల ఏడుస్తుందనుకుంది. వద్దమ్మా, చింపేస్తానంటుందనుకుంది. చింపేస్తే ఏమనాలో, ఎంతసేపు బెట్టు చెయ్యాలో, ఎప్పుడు దగ్గరికి తీసుకోవాలో కూడా లోపల్లోపల అనుకుని పెట్టుకుంది. తల్లి కదా.

చిట్టి చేతులకంటిన రంగు పాతగుడ్డతో తుడుచుకుంది. కాగితాలు నలగకుండా మడత పెట్టుకుంది. తల్లి కళ్ళలోకి సూటిగా చూసింది.

“చదువుతాను,” అంది. “చివరి లైను మాత్రం ముందు చదువుతాను. అది జబ్బో కాదో వాళ్ళనే చెప్పమందాం.”